పైలట్ కోర్సు ఏ దారిలో చేయించాలి? మొదటి జీతం దాకా లెక్క

ఇంటర్ ఫలితాలొచ్చిన వారం నుంచి విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల, గుంటూరు బ్రాడీపేటలో ఉన్న కన్సల్టెన్సీల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "మొత్తం ఎంతవుతుందండీ?" దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ లైసెన్సు దాకా అయ్యే ఫీజే. కానీ కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, చేతికొచ్చిన రోజున జీతం మొదలవదు. ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత ఉంది, పిలుపు కోసం ఎదురుచూపు ఉంది, ఆ ఎదురుచూపు మీద నడిచే వడ్డీ ఉంది. ఈ మూడూ కలిపి చూస్తే చవక అనుకున్న దారి ఖరీదైపోవచ్చు, ఖరీదనుకున్నది గిట్టుబాటు కావచ్చు. అందుకే ఇక్కడ ప్రతి దారినీ మొదటి జీతం చేతికొచ్చే రోజు దాకా లెక్కగట్టి చూద్దాం.

ఏ దారికైనా ముందు చేయాల్సింది

ఎక్కడా ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకముందే మెడికల్ చేయించండి. ముందు కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2, ఆ తర్వాత సీపీఎల్‌కు కావాల్సిన క్లాస్ 1. క్లాస్ 1కి మనకు దగ్గర్లో బాగా తెలిసిన కేంద్రం బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. రెండూ కలిపినా కొన్ని వేల రూపాయల్లో తేలిపోయే పని. కొంతమంది క్లాస్ 2తోనే స్కూల్లో చేరి, క్లాస్ 1 తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. పాతిక లక్షలు కట్టాక రంగులు గుర్తించే పరీక్షలో ఆగిపోతే ఆ డబ్బు తిరిగి రాదు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్నది అపోహ. జోడుతో చూపు ప్రమాణానికి సరిపోతే చాలు. రంగుల అంధత్వం మాత్రం సరిదిద్దలేనిది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ లాంటివాటికి తాత్కాలికంగా ఆపుతారు, సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. దానికి నెలలు పడుతుంది కాబట్టి ముందే తెలియడం మంచిది.

రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఇంటర్ మెమోలో ఇనిషియల్, ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంకో తీరు. మన ఇళ్లల్లో ఇది మామూలే. డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబరుకు దరఖాస్తు చేసేటప్పుడు ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది. ఇంటర్ మార్కులను బోర్డు నుంచి వెరిఫై చేయించాలి కూడా. సెకండియర్ మెమో చేతికి రాగానే ఈ రెండు పనులూ మొదలుపెట్టండి. ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి గనుక ఎంపీసీ పిల్లలకు ఇబ్బంది లేదు. బైపీసీ చదివినవాళ్లు మ్యాథ్స్ ఓపెన్ స్కూల్లో విడిగా పాసై రావాలి.

మూడోది పేపర్లు. ఎయిర్ నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. వీటికి తోడు రేడియో మీద మాట్లాడేందుకు ఆర్‌టీఆర్ పరీక్ష. టెక్నికల్ స్పెసిఫిక్ మీరు ఏ విమానం మీద నేర్చుకుంటారో దాని మీద ఉంటుంది, కాబట్టి స్కూలు ఖాయమయ్యాక రాయాలి. మిగతావాటికి స్కూలుతో పనిలేదు. నావిగేషన్, మెట్, రెగ్యులేషన్స్ మూడూ పాసయ్యాకే ఫ్లయింగ్ ఫీజు కట్టాలన్నది మా గట్టి సలహా. ఈ చదువు ఒంటికి పడుతుందో లేదో లక్షన్నర, రెండు లక్షల్లో తెలిసిపోతుంది. ఫ్లయింగ్ మధ్యలో పేపర్ల కోసం ఆగాల్సిన అవసరమూ రాదు. గ్రౌండ్ క్లాసులకు ఢిల్లీ ద్వారక వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్ క్లాసులు వింటూ ఇంట్లో కూర్చుని రాసి పాసవుతున్నవాళ్లూ ఉన్నారు.

మన కార్పొరేట్ కాలేజీల పిల్లలకు జేఈఈ పుణ్యమా అని లెక్కలు, ఫిజిక్స్ ఇబ్బంది పెట్టవు. తడబడేది మాట దగ్గర. ఆర్‌టీఆర్‌లో, ఇంగ్లీషు ప్రొఫిషియన్సీ పరీక్షలో, ఆ తర్వాత ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో తడుముకోకుండా మాట్లాడాలి. దీనికి రెండు నెలల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు సరిపోదు. మెడికల్ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూసే రోజుల నుంచే రోజూ గట్టిగా చదవడం, మాట్లాడటం అలవాటు చేయాలి.

దేశంలోనే, సొంత ఖర్చుతో

సీపీఎల్‌కు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్ (పీఐసీ)గా, అంటే విమానం బాధ్యత తానే మోస్తూ. ఆ వందలో 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూరం ఎగరడం. అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగి లేవాలి. ఇన్‌స్ట్రుమెంట్ మీద, అంటే బయటికి చూడకుండా పరికరాలను బట్టి 10 గంటలు, రాత్రి 5 గంటలు ఉండాలి, ఆ రాత్రి గంటల్లో పదిసార్లు గాల్లోకి లేవడం, పదిసార్లు దిగడం. సాధారణంగా స్కూళ్లు 185 గంటలు సింగిల్ ఇంజన్ మీద, 15 గంటలు మల్టీ ఇంజన్ మీద పెడతాయి.

ఇప్పటి మార్కెట్‌లో ఫ్లయింగ్ ఫీజు 40 నుంచి 55 లక్షల మధ్య నడుస్తోంది. గ్రౌండ్ క్లాసులు, పరీక్షలు, మెడికల్, హాస్టలు కలిపి ఇంకో ఏడెనిమిది లక్షలు వేసుకోండి. డీజీసీఏ ఆమోదించిన స్కూల్లో ఆమోదించిన కోర్సుకు జీఎస్టీ లేదని 2024లో కేంద్రం స్పష్టం చేసింది. బిల్లులో 18 శాతం కనిపిస్తే ఎందుకో అడగండి.

ఇక్కడ అసలు చిక్కు ఫీజులో లేదు, కాలంలో ఉంది. బ్రోషర్‌లో పన్నెండు నెలలని రాసిన కోర్సు రెండేళ్లు, ఒక్కోచోట మూడేళ్లు సాగుతుంది. వానాకాలం రెండు మూడు నెలలు తినేస్తుంది. షెడ్యూల్డ్ సర్వీసులున్న ఎయిర్‌పోర్టులో ట్రాఫిక్ వల్ల శిక్షణ విమానాలు వరుసలో ఆగాలి. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం మారతాడు. విమానం విడిభాగం కోసం షెడ్డులో కూర్చుంటుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ మల్టీ ఇంజన్ దగ్గర. చాలా స్కూళ్లలో ఆ విమానం ఒక్కటే ఉంటుంది. అది మూలపడితే 185 గంటలు పూర్తి చేసిన పిల్లలంతా క్యూలో ఉండిపోతారు. ఈలోగా ముందు చేసిన స్కిల్ టెస్టులకు ఆర్నెల్ల గడువు దాటిపోతుంది, మళ్లీ డబ్బు పెట్టి చేయాలి. మల్టీ గంట ఖరీదు సింగిల్ గంటకు రెట్టింపు పైమాటే కాబట్టి ఆ అదనపు ఖర్చు లక్షల్లో ఉంటుంది.

స్కూలును తూచడానికి ఒక భాగహారం చాలు. గత నెలలో స్కూలు మొత్తం ఎన్ని గంటలు ఎగిరిందో, ప్రస్తుతం ఎగురుతున్న విద్యార్థులు ఎంతమందో అడగండి. 60 మందికి 480 గంటలైతే మనిషికి నెలకు 8 గంటలు. 200 గంటలకు 25 నెలలు. అదే 60 మందికి 900 గంటలైతే 15 చొప్పున పద్నాలుగో నెలలో అయిపోతుంది. విమానాలు ఎన్ని ఉన్నాయని అడిగితే షెడ్డులో ఉన్నవీ కలిపి చెబుతారు. గంటలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఆఫీసులో అడిగిన ప్రశ్నలే హాస్టల్లో పిల్లల్ని కూడా అడగండి, ముఖ్యంగా 150 గంటలు దాటినవాళ్లని.

డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, ఏడాదికి రెండుసార్లు. ఎ ప్లస్, ఎ, బి, సి అని నాలుగు తరగతులు. మొదటి జాబితాలో పై రెండు తరగతుల్లో ఒక్క స్కూలు కూడా లేదు. కాబట్టి బి వచ్చిన స్కూలును తక్కువ చేసి చూడనక్కర్లేదు, సి వచ్చినచోట మాత్రం కారణం అడిగి తెలుసుకోవాలి. భద్రత సంగతికి విమాన ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ వెబ్‌సైట్‌లో ప్రమాద నివేదికలుంటాయి, మీరు చూస్తున్న స్కూలు పేరుతో వెతకండి. మనవాళ్లు ఎక్కువగా చూసేవి హైదరాబాద్ బేగంపేట, నాదర్‌గుల్ స్కూళ్లు. ఆ రెండు దాటి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వైపు కూడా చూడండి. శని, ఆదివారాలు ఇంటికి రావడం కంటే నెలకు ఏడు గంటలు ఎక్కువ ఎగరడం విలువైనది.

ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ అకాడమీ ఇగ్రువాకు రాత పరీక్ష, ఆప్టిట్యూడ్ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు సుమారు 45 లక్షలు, విడతల్లో కట్టొచ్చు. రాత పరీక్ష ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లీషు, రీజనింగ్. మన పిల్లలకు ఇది అందని ద్రాక్ష కాదు. దరఖాస్తు ఖర్చు మిగతావాటి ముందు లెక్కలోది కాదు, కాబట్టి రాసి చూడకపోవడానికి కారణం లేదు.

విదేశాల్లో

దక్షిణాఫ్రికాలో అయితే అన్నీ కలిపి 40–50 లక్షలు, అమెరికాలో 55–70 లక్షలు అవుతోంది. రూపాయి పడితే అదీ పెరుగుతుంది. ఇక్కడ కొనుక్కునేది కాలాన్ని. వాతావరణం, విమానాలు కలిసొస్తే ఏడాదిలోపు గంటలు పూర్తవుతాయి. దాని బదులు తిరిగొచ్చాక కన్వర్షన్, అంటే ఆ లైసెన్సును మన లైసెన్సుగా మార్చుకునే పని పడుతుంది. విదేశీ లైసెన్సు మీద ఎయిర్ రెగ్యులేషన్స్‌తోపాటు నావిగేషన్, మెట్ కలిపిన కాంపోజిట్ పేపరు రాయాలి. ఇక్కడి స్కూల్లో మల్టీ ఇంజన్ మీద చెక్‌లు ఇవ్వాలి. అక్కడి అధికారుల నుంచి లైసెన్సు వెరిఫికేషన్ రావాలి. వీటికి నాలుగు నుంచి ఆరు లక్షలు, నాలుగు నుంచి ఎనిమిది నెలలు. కన్సల్టెన్సీ చెప్పే అంకెలో ఇది ఉండదు.

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు లాగ్‌బుక్‌లో ఉంటుంది. అక్కడి నియమాలకు సరిపడా ఎగిరి వచ్చాక ఇక్కడి నియమం ప్రకారం రాత్రి పీఐసీ గంట ఒకటి తక్కువైందనో, 300 మైళ్ల ఫ్లైట్‌లో ఒక దిగడం లేదనో తేలుతుంది. వెళ్లేముందే డీజీసీఏ అవసరాల పట్టిక ప్రింటు తీసి ఇన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వండి, ఒక్కోటి పూర్తవగానే టిక్కు పెట్టుకోండి.

సొంత డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటి పంపితే బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందుగానే కోస్తుంది. ఎడ్యుకేషన్ లోను మీద పంపితే కోయదు. కోసింది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.

ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్

ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటి సంస్థలు ముందు పిల్లల్ని ఎంపిక చేసుకుని, తమ భాగస్వామి స్కూళ్లలో శిక్షణ ఇప్పిస్తాయి. టైప్ రేటింగ్ కలిపి ఖర్చు కోటి దాటుతుంది. ఎయిర్ ఇండియా సొంత శిక్షణ కేంద్రం అమరావతిలో అని పేపర్లో చూసి మనవాళ్లు కొందరు సంబరపడ్డారు. అది మహారాష్ట్రలోని అమరావతి.

ఒక్క లైసెన్సు ధరతో పోల్చి క్యాడెట్‌ను వదిలేయకండి. సొంత ఖర్చు దారిలో 55–60 లక్షలయ్యాక ఎయిర్‌బస్ ఎ320 విమానం టైప్ రేటింగ్‌కు మరో 15–20 లక్షలు పెట్టుకోవాల్సి వస్తుంది. అంటే అసలు తేడా పాతిక, ముప్పై లక్షలు. ఆ తేడాతో మీరు కొనేది ఎదురుచూపు తగ్గడం. కానీ ఒప్పందంలో ఉండేది షరతులతో కూడిన హామీ. మెడికల్ పోయినా, ఏదైనా దశలో ఫెయిలైనా, సంస్థ నియామకాలు వాయిదా వేసినా ఏమవుతుందో ఆ కాగితాల్లోనే ఉంటుంది. మధ్యలో ఆగితే ఎంత వెనక్కిస్తారు, బాండు ఎన్నేళ్లు, చేరాక మొదటి నెలల్లో ఇచ్చేది జీతమా స్టైపెండా, ఈ మూడూ లాయరు చేత చదివించండి. రెండు వేలు ఫీజిచ్చి చదివించుకోవడానికి మొహమాటపడి కోటి రూపాయలకు సంతకం పెట్టేవాళ్లున్నారు.

ఫీజు లేని దారి

త్రివిధ దళాల్లో అధికారులను ఎంపిక చేసే ఎన్‌డీఏ పరీక్ష యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య వయసు, ఎంపీసీ చాలు, అమ్మాయిలకూ అవకాశం ఉంది. డిగ్రీ తర్వాతైతే వైమానిక దళం పెట్టే ఏఎఫ్‌క్యాట్. ఎన్‌డీఏ అయితే శిక్షణ ముందు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, ఆ తర్వాత మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో. ఇది ఎయిర్‌లైన్‌కు అడ్డదారి కాదు, సైనిక జీవితం. అది ఇష్టమైతేనే వెళ్లాలి. ఒక జాగ్రత్త: ఫ్లయింగ్ బ్రాంచి కోసం పెట్టే పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. అందులో పోతే వైమానిక దళంలో పైలట్ తలుపు మూసుకుపోతుంది. ఊరికే చూసొద్దామని వెళ్లకూడదు, సిద్ధపడి వెళ్లాలి.

లోను లెక్క

ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోనుకు బ్యాంకు ఆస్తి తనఖా అడుగుతుంది. గుంటూరు, తెనాలి, సత్తెనపల్లి వైపు చాలా కుటుంబాలకు ఉన్న ఆస్తి పొలం. ఎకరం కోటి పలుకుతున్నా సరే, అప్పు కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి ఈ లోనుకు బ్యాంకులు పొలాన్ని తీసుకోవడానికి వెనకాడతాయి. ప్లాను ఉన్న ఇల్లు, అప్రూవ్డ్ లేఅవుట్‌లో స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే నడుస్తుంది. స్కూల్లో సీటు ఖాయం చేసుకోకముందే ఈ మాట బ్యాంకులో తేల్చుకోండి.

60 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. రెండేళ్ల శిక్షణలో విడతలుగా విడుదలవుతుంది కాబట్టి సగటున సగం మీద వడ్డీ, అంటే 6 లక్షల 30 వేలు. ఆ తర్వాత ఉద్యోగానికి ఒక్క ఏడాది ఎదురుచూస్తే ఇంకో 6 లక్షల 30 వేలు. ఈ వడ్డీని కట్టకుండా అసలుకు కలిపేస్తే అప్పు 72 లక్షల 60 వేలవుతుంది. పదేళ్ల ఈఎంఐ వెంటనే మొదలైతే నెలకు 81 వేలయ్యేది, ఇప్పుడు 98 వేలు. కోటి అప్పుకైతే నెలకు దాదాపు లక్షా 35 వేలు. కొత్తగా చేరిన జూనియర్ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జీతం నుంచి అది కట్టడం కత్తి మీద సామే. వీలున్నవాళ్లు శిక్షణ కాలంలో వడ్డీ మాత్రమైనా నెలనెలా కట్టేయండి.

ఖాళీగా ఉన్న ఏడాదికి వడ్డీ ఒక్కటే కాదు ఖర్చు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా రెన్యువల్ చేయించాలి, దానికి మల్టీ విమానమో సిమ్యులేటరో అద్దెకు తీసుకోవాలి. మెడికల్ ఏటా ఉంటుంది. నడిపే అలవాటు తప్పిపోకుండా అప్పుడప్పుడు ఎగరాలి. ఏడాదికి రెండు మూడు లక్షలు దీనికి విడిగా పెట్టుకోండి.

ఉద్యోగాల సంగతి

పైలట్ల కొరత అన్న మాట నిజమే. ఎయిర్ ఇండియా 2023లో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది 500 విమానాలకు, ఆకాశ 2024లో 150కి ఆర్డరు పెట్టాయి. పైలట్ల విశ్రాంతి నియమాలు మారి వారానికి 36 గంటల బదులు 48 గంటలు విశ్రాంతి ఇవ్వాల్సి రావడంతో 2025 డిసెంబరులో ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. అయితే ఆ కొరత ఎక్కువగా కెప్టెన్లది, టైప్ రేటింగ్ ఉండి గంటలున్నవాళ్లది. కెప్టెన్ కావాలంటే కనీసం 1500 గంటలతో, సీపీఎల్ కంటే పై లైసెన్సు అయిన ఏటీపీఎల్ ఉండాలి. 200 గంటల కొత్త సీపీఎల్‌ల వరుస వేరు. డీజీసీఏ 2020లో 578 సీపీఎల్‌లు ఇచ్చింది, 2021లో 862, 2022లో 1165, 2023లో 1622. మూడేళ్లలో దాదాపు మూడింతలు. కో-పైలట్ కూర్చునే కుడి సీటు కోసం నిలబడినవాళ్లు వీళ్లంతా.

పైగా ఈ రంగానికి ఆటుపోట్లున్నాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది, 2020లో కొవిడ్, 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. ఆగిన ప్రతిసారీ టైప్ రేటింగ్, అనుభవం ఉన్న పైలట్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తారు, కొత్తవాళ్లు వెనక్కి జరుగుతారు. ఇవాళ చేరిన పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లేది రెండు మూడేళ్ల తర్వాతి మార్కెట్‌లోకి. అది ఎలా ఉన్నా తట్టుకునే ఏర్పాటు మీ లెక్కలో ఉండాలి.

అలాంటి ఏర్పాట్లలో పనికొచ్చేవి రెండు. ఒకటి అసిస్టెంట్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. స్కూళ్లకు ఇన్‌స్ట్రక్టర్ల కొరత ఎప్పుడూ ఉంది, జీతం వస్తుంది, గంటలూ పెరుగుతాయి. రెండోది డిగ్రీ. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలోనో ఇగ్నోలోనో ఒక డిగ్రీ పక్కన నడిపించండి. మెడికల్ ఏ వయసులోనైనా పోవచ్చు, ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఆ రోజు చాలా కష్టం. టైప్ రేటింగ్ మాత్రం తొందరపడి చేయించకండి. ఏ ఎయిర్‌లైన్ ఏ విమానానికి పిలుస్తోందో చూసి, దాని రాత పరీక్ష దాటాకే చేయించడం మేలు. ఎ320 చేయించుకున్న పిల్లవాడికి ఏటీఆర్ అనే వేరే రకం విమానానికి పిలుపు వస్తే మొదటి డబ్బు వృథా.

ఎవరికి ఏది

ఇంటర్ సెకండియర్‌లో ఉంటే ఎన్‌డీఏ, ఇగ్రువా రెండూ రాయించండి, పాసైన తర్వాతి ఏడాదిలో క్లాస్ 1 మెడికల్, మూడు పేపర్లు పూర్తిచేయించండి. ఏడాది పోతుందేమో అని భయపడొద్దు, ఆ ఏడాది తర్వాత రెండేళ్లు ఆదా చేస్తుంది.

ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి క్యాడెట్‌లో చేర్చడాన్ని మేము సమర్థించం. కోటి అప్పుకు ఒక మనిషి ఆరోగ్యం, ఒక కంపెనీ నియామకాలు రెండే ఆధారం. అలాంటి ఇంట్లో ఇగ్రువా సీటు వస్తే వెళ్లొచ్చు. లేకపోతే డిగ్రీ చేస్తూ ఏఎఫ్‌క్యాట్‌కు సిద్ధపడటం మంచిది. అమ్ముకోదగ్గ స్థలం వేరేగా ఉండి, ఇల్లు కదపక్కర్లేకపోతే, క్యాడెట్ ఎంపికలో నెగ్గిన పిల్లలకు మిగతా అన్నిటికంటే అదే మంచి దారి. ఎంపిక కానివాళ్లు భాగహారంలో నెలకు 14 గంటలు దాటిన దేశీయ స్కూలు చూసుకోవాలి. అలాంటి చోట సీటు దొరక్కపోతేనే విదేశం.

ఎవరూ చేయకూడనిది సగం డబ్బుతో మొదలుపెట్టడం. మిర్చి రేటు వస్తే మిగతాది కడదాం, ప్లాటు అమ్ముడుపోతే చూద్దాం అని మొదలైన కోర్సులు 110, 120 గంటల దగ్గర ఆగుతాయి. ఆర్నెల్లు ఎగరకపోతే పాత పాఠాలు మళ్లీ నేర్పాలి, చెక్‌లు మళ్లీ ఇవ్వాలి. డబ్బు మొత్తం కళ్ల ముందు కనిపించాకే, పైన ఇంకో పదిహేను శాతం పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

డబ్బు కట్టేటప్పుడు ఒకేసారి మొత్తం కడితే రెండు లక్షలు తగ్గిస్తామంటారు. ఒప్పుకోకండి. 25 లేదా 40 గంటలకొక విడత పెట్టించుకోండి, ఆ గంటలు లాగ్‌బుక్‌లో పడ్డాకే తర్వాతిది. అదనపు గంటకు రేటు ఎంత, ఇంధనం ధర పెరిగితే ఎవరు భరించాలి, మల్టీ విమానం మూలపడితే వేరే స్కూల్లో ఆ గంటలు ఎవరి ఖర్చుతో చేయిస్తారు, మానేస్తే ఎగరని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, ఇవన్నీ ఒప్పందంలో రాయించండి. ఎగరని గంటలు లాగ్‌బుక్‌లో రాసి త్వరగా ముగిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బయటపడితే లైసెన్సే పోతుంది. 2011లో నకిలీ పత్రాల కేసుల్లో పైలట్లు అరెస్టయ్యారు. విడత కట్టిన ప్రతిసారీ డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి, రసీదు మీద కన్సల్టెన్సీ పేరు కాక స్కూలు పేరే ఉండాలి.